అన్న మాట, తమ్ముళ్ళ మాట: పాండవుల ఇంట్లో పెద్దరికం

ఇంగ్లీషులో 'బ్రదర్' అన్న మాటకు వయసు లేదు. పెద్దవాడైనా బ్రదరే, చిన్నవాడైనా బ్రదరే. తెలుగులో అలా కుదరదు. నోరు తెరిచి పిలవాలంటే ఆ మనిషి అన్నో తమ్ముడో ముందు తేల్చుకోవాలి. 'సోదరుడు' అనే సంస్కృత పదం ఉంది గానీ అది ఉపన్యాసాలకే పరిమితం. భోజనాల దగ్గర "సోదరా, ఆ పప్పు ఇలా అందుకో" అనేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. ఇద్దర్నీ కలిపి చెప్పేటప్పుడు కూడా 'అన్నదమ్ములు' అంటాం. అన్న ముందు, తమ్ముడు వెనక. తోడబుట్టినవాణ్ణి పిలవడంలోనే మన భాష ఒక వరస పెట్టేసింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఒకర్నొకరు పేర్లతోనే పిలుచుకుంటారు కాబట్టి ఆ వరసను వాళ్ళకు పాఠంగా చెప్పాల్సి వస్తోంది. చెప్పగానే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "పెద్దవాడైనంత మాత్రాన వాడు చెప్పినట్టే ఎందుకు వినాలి?"

ఈ ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి కసిరి కూర్చోబెట్టకూడదని నా అభిప్రాయం. పై తరగతి పిల్లలకు భారతంలో జూదం ఘట్టం చెప్పేటప్పుడు ఇంచుమించు ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెయ్యెత్తి, "తమ్ముళ్ళను పందెం కాయడానికి ధర్మరాజుకు ఏం హక్కుంది?" అంటారు. "అది ఆ కాలపు ధర్మంలే" అని దాటెయ్యడం తేలికే. కానీ ఆ కాలంలోనే, ఆ సభలోనే, ఆ ఇంటివాళ్ళే ఈ ప్రశ్న వేశారు. భారతం దాన్ని దాచిపెట్టలేదు. అందుకని ఈసారి పాండవుల కథను ఆ ఒక్క కోణంలోంచి చదువుదాం. అయిదుగురు అన్నదమ్ముల్లో ఒకడు పెద్ద. అతని మాట ఎంతవరకు చెల్లింది? ఎక్కడ ఆగింది? ఆగినప్పుడు ఆ కుటుంబం ఏమయింది?

మూలం గురించి ఒక మాట చెప్పాలి. వ్యాసుడి భారతాన్ని ముగ్గురు కవులు తెలుగు చేశారు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ మొదలుపెట్టి ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంత భాగం రాశాడు. పదమూడో శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి, మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వాన్ని పూరించాడు. ఒకర్నొకరు చూసుకోని ముగ్గురు కలిసి ఒక్క పుస్తకం పూర్తి చేశారు. అన్నదమ్ముల పొత్తు అంటే అదీ ఒకటి! ఈ వ్యాసంలో సంఘటనలను ముఖ్యంగా వ్యాసభారతాన్ని అనుసరించి చెబుతున్నాను. తెలుగులో కొన్ని వివరాలు క్లుప్తంగానో కాస్త వేరుగానో ఉంటాయి.

అయిదుగురూ కలిసి వేసుకున్న కట్టు

ధర్మరాజు పెద్దవాడే గానీ, బలం చూస్తే భీముడిది, విలువిద్య చూస్తే అర్జునుడిది. వాళ్ళిద్దరూ వెనక నిలబడినంత కాలమే ఆయన రాజు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ద్రౌపది అయిదుగురికీ భార్య అయ్యాక నారదుడు వచ్చి సుందోపసుందుల కథ చెప్పాడు. ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్న ఇద్దరు రాక్షస సోదరులు తిలోత్తమ కోసం ఒకర్నొకరు చంపుకున్న కథ అది. విన్న వెంటనే పాండవులు తమలో తాము ఒక కట్టుబాటు చేసుకున్నారు. ద్రౌపది ఒకరితో ఏకాంతంగా ఉన్నప్పుడు ఇంకొకరు అక్కడికి వెళ్ళకూడదు, వెళితే పన్నెండేళ్ళు వనవాసం. ఇది అన్న వేసిన ఆజ్ఞ కాదు, అయిదుగురూ కూర్చుని ఒప్పుకున్న మాట.

ఒకరోజు ఒక బ్రాహ్మణుడు తన ఆవుల్ని దొంగలు తోలుకుపోతున్నారని ఏడుస్తూ వచ్చాడు. ఆయుధాలేమో ధర్మరాజూ ద్రౌపదీ ఉన్న చోట ఉన్నాయి. అర్జునుడు కాస్త తటపటాయించి, లోపలికి వెళ్ళి విల్లు తీసుకుని, దొంగల్ని తరిమి ఆవుల్ని తెచ్చి ఇచ్చాడు. తిరిగొచ్చి అన్నగారితో, "నియమం తప్పాను, అడవికి వెళ్తాను, అనుమతివ్వు" అన్నాడు. ధర్మరాజుకు గుండె జారిపోయింది. "అన్న ఉన్నచోటికి తమ్ముడు వస్తే తప్పులేదు, తమ్ముడు ఉన్నచోటికి అన్న వెళ్తేనే తప్పు. నాకేమీ కష్టం కలగలేదు, ఉండిపో" అని నచ్చజెప్పాడు. పెద్దవాడు తన పెద్దరికాన్ని అడ్డం పెట్టి శిక్ష కొట్టెయ్యబోయాడన్నమాట. తమ్ముడు ఒప్పుకోలేదు. ధర్మాన్ని సాకులతో ఆచరించకూడదని నీ నోటే విన్నాను అని చెప్పి బయల్దేరాడు.

ఇక్కడ తమ్ముడు అన్న మాట వినలేదు. వినకపోవడం ఎదిరించడమేనా? అర్జునుడు కాదన్నది అన్న ఆ పూట చెప్పిన మాటను, పట్టుకున్నది అదే అన్న ఎప్పుడూ చెబుతూ వచ్చిన మాటను. పైగా వెళ్ళేముందు అనుమతి అడిగాడు. పెద్దవాడికి కూడా పైన ఒక నియమం ఉందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని పెద్దవాడికి గుర్తుచేసే పని ఆ రోజు తమ్ముడి మీద పడింది.

సహదేవా, నిప్పు తీసుకురా

తరువాత కొన్నాళ్ళకు రాజసూయం వచ్చింది. నలుగురు తమ్ముళ్ళు నాలుగు దిక్కులకు వెళ్ళి రాజులందరినీ జయించి అన్నను చక్రవర్తిని చేశారు. ఉత్తరానికి అర్జునుడు, తూర్పుకు భీముడు, పడమరకు నకులుడు వెళ్ళారు. దక్షిణానికి వచ్చింది చిన్నవాడు సహదేవుడు. అతను జయించిన దేశాల వరసలో ఆంధ్రుల పేరు కూడా ఉంది. కాబట్టి సహదేవుడి మీద మనం కాస్త ఒక కన్ను వేసి ఉంచుదాం.

ఆ తరువాత జూదం. ధర్మరాజు ముందు సొమ్ము ఒడ్డాడు, రథాలు, ఏనుగులు, దాసదాసీలు, రాజ్యం, అన్నీ ఓడిపోయాడు. ఇంకేమీ మిగలక తమ్ముళ్ళను ఒడ్డడం మొదలుపెట్టాడు. ఎవరితో మొదలుపెట్టాడో పిల్లలు సాధారణంగా గుర్తుపెట్టుకోరు, కానీ అది ముఖ్యం. మొదట నకులుడు, తరువాత సహదేవుడు. ఇద్దరూ మాద్రి కొడుకులు, సవతి తల్లి పిల్లలు. శకుని ఇది కనిపెట్టి దెప్పిపొడిచాడు: "మాద్రి కొడుకుల్ని గెలిచాను. భీమార్జునులు మాత్రం నీకు ఎక్కువ ప్రియమైనవాళ్ళు కాబోలు!" అన్నదమ్ముల మధ్య భేదం పెట్టాలని చూస్తున్నావని ధర్మరాజు మండిపడ్డాడు. మండిపడి, అర్జునుణ్ణీ భీముణ్ణీ కూడా ఒడ్డాడు. చివరికి తనను తాను ఒడ్డి ఓడాడు. అటుపైన ద్రౌపదిని.

నలుగురు తమ్ముళ్ళూ తమను పందెం కాస్తుంటే కిక్కురుమనలేదు. మాట్లాడింది ద్రౌపది. తనను సభకు రమ్మని కబురు తెచ్చినవాడితో, "ఆయన ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? వెళ్ళి అడిగి రా" అంది. తనను తాను ఓడిపోయి దాసుడైనవాడికి ఇంకొకరిని ఒడ్డే అధికారం ఎక్కడిది? న్యాయస్థానంలో ప్లీడరు వేసే ప్రశ్న అది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనన్నాడు. ఒక్క విషయం మన ఆడపిల్లలు గమనించే ఉంటారు. అయిదుగురు అన్నదమ్ముల కట్టుబాటులో ద్రౌపదిని ఎవరూ ఏమీ అడగలేదు. అడగని మనిషే అందరికన్నా పదునైన ప్రశ్న అడిగింది.

ఆమెను జుట్టు పట్టి సభకు ఈడ్చుకొచ్చాక భీముడికి సహనం చచ్చిపోయింది. అతను అన్నతో అన్న మాటలు జాగ్రత్తగా చదవాలి. సొమ్ము పోగొట్టావు, రాజ్యం పోగొట్టావు, మమ్మల్నీ పోగొట్టావు, నాకు కోపం రాలేదు, మా అందరికీ నువ్వే ప్రభువువి అన్నాడు. కానీ ఈమెను ఒడ్డడం మాత్రం హద్దు దాటడమే అన్నాడు. తమ్ముడి మీద అన్నకున్న అధికారాన్ని ఆ క్షణంలో కూడా భీముడు కాదనలేదు. దానికొక గట్టు ఉందని, అన్న ఆ గట్టు తెంచాడని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. "నీ చేతులు కాల్చేస్తాను. సహదేవా, నిప్పు తీసుకురా!" అని అరిచాడు.

అర్జునుడు అడ్డుపడ్డాడు. నువ్వెప్పుడూ ఇలా మాట్లాడలేదే, శత్రువులు కోరుకునేది సరిగ్గా ఇదే కదా, వాళ్ళ ముచ్చట తీర్చకు అన్నాడు. అన్న చేసింది ఒప్పు అని వాదించే ఓపిక అతనికీ పెద్దగా ఉన్నట్టు లేదు. పరాయివాళ్ళ ముందు అన్న చేతులు కాలకూడదు, అంతే. భీముడు పళ్ళు కొరుక్కుంటూ ఆగాడు. సహదేవుడు ఏమన్నాడో వ్యాసుడు చెప్పలేదు.

అదే సభలో ఇంకో తమ్ముడు లేచాడు. అతను అటువైపువాడు, దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. పెద్దలంతా నోరు మూసుకుంటే చిన్నవాడైన అతను న్యాయం చెప్పాడు. వ్యసనంలో మునిగినవాడు చేసిన పని చెల్లదు, ఆమె అయిదుగురికీ భార్య, ఒడ్డేనాటికి అతను తననే ఓడిపోయి ఉన్నాడు, ఆమెను ఒడ్డమని ఉసిగొల్పింది శకుని, కాబట్టి ద్రౌపది ఓడిపోలేదు అన్నాడు. కర్ణుడు అతన్ని కుర్రవాడివి, నోరుమూసుకోమని కసిరాడు. వికర్ణుడు కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అన్నకు ఎదురు చెప్పినట్టు కనబడడు. యుద్ధంలో దుర్యోధనుడి పక్షానే పోరాడి, భీముడి చేతిలో చచ్చిపోయాడు. అదే తండ్రికి వైశ్య స్త్రీ వల్ల పుట్టిన యుయుత్సుడు మాత్రం యుద్ధం మొదలయ్యే నిమిషంలో, ఇటు రాదలచినవాళ్ళు రావచ్చని ధర్మరాజు పిలిస్తే, అన్నల సేనను వదిలి ఇవతలికి వచ్చేశాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో అతనొక్కడే బతికి బట్టకట్టాడు. వికర్ణుడు మంచివాడా, యుయుత్సుడు మంచివాడా అని తరగతిలో అడిగితే పిల్లలు వెంటనే యుయుత్సుడంటారు, తాతయ్యలు మాత్రం కాసేపు ఆలోచిస్తారు.

తిట్టించుకున్న అన్న

అడవికి వెళ్ళాక భీముడు అన్నను వదిలిపెట్టలేదు. ద్రౌపదీ వదల్లేదు. నీ జూదం వల్లే మాకీ గతి, ఇప్పుడే వెళ్ళి యుద్ధం చేద్దాం పద అని భీముడు పోరుపెట్టాడు. ధర్మరాజు ఇచ్చిన సమాధానం నాకు భారతంలో చాలా ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి. నువ్వన్నది నిజమే, నీ మాటలు నన్ను ములుకుల్లా పొడుస్తున్నాయి, అయినా నిన్ను తప్పుపట్టను, నా తప్పు వల్లే మీకీ కష్టం వచ్చింది అన్నాడు. చక్రవర్తిగా ఉన్న అన్న, అడవిలో చెట్టుకింద, తమ్ముడి ముందు అన్న మాట ఇది.

భీముడు అంతటితో ఆగలేదు. మనం అడవికొచ్చి పదమూడు నెలలయింది, నెలను ఏడుగా లెక్కవేసుకుంటే గడువు తీరిపోయినట్టే కదా అని ఒక లాయరు పాయింటు తీశాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. ఇచ్చిన మాట మాటే అన్నాడు. అంతటితో వదిలేయకుండా కారణాలు కూడా చెప్పాడు. అవతల భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు, కర్ణుడున్నాడు, వాళ్ళ ఉప్పు తిన్న రాజులున్నారు, వీళ్ళందరినీ ఇప్పుడు మనం గెలవగలమా అన్నాడు. భీముడు దానికి బదులు చెప్పలేక ఊరుకున్నాడు. "నేను పెద్దవాణ్ణి, నోరుమూసుకో" అంటే భీముడు అలా ఊరుకునేవాడా?

పన్నెండేళ్ళ చివర యక్షప్రశ్నల ఘట్టం వస్తుంది. ఇది ఎఱ్ఱన తెలుగు చేసిన భాగంలోది. నీళ్ళ కోసం వెళ్ళిన నలుగురు తమ్ముళ్ళూ సరస్సు ఒడ్డున చచ్చి పడి ఉన్నారు. యక్షుడు అడిగిన ప్రశ్నలన్నిటికీ ధర్మరాజు జవాబులు చెప్పాడు. సంతోషించి యక్షుడు, వీళ్ళలో ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకో అన్నాడు. ధర్మరాజు నకులుణ్ణి కోరాడు. యక్షుడికే ఆశ్చర్యం వేసింది. పదివేల ఏనుగుల బలమున్న భీముణ్ణీ, నీకు దిక్కైన అర్జునుణ్ణీ వదిలి సవతి తల్లి కొడుకునా అన్నాడు. కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు ఉండాలి అన్నాడు ధర్మరాజు.

ఈ కథను విడిగా చెబితే ఒక నీతికథలా ఉంటుంది. జూదం పక్కన పెట్టి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆనాడు అందరికన్నా ముందు ఒడ్డింది నకులుణ్ణే. ఈనాడు అందరికన్నా ముందు అడిగిందీ నకులుణ్ణే. శకుని దెప్పిన మాటకు పదమూడో ఏడు రాబోతుండగా, ఎవరూ చూడని చోట, బదులు ఇచ్చాడు. తమ్ముళ్ళకు అది వినబడలేదు కూడా, వాళ్ళు చచ్చి పడి ఉన్నారు.

అయినంత మాత్రాన ఆ తరువాత అందరూ అన్నీ ఆయన్ను అడిగే చేశారనుకోకండి. విరాటుడి కొలువులో కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నాడు. వంటవాడి వేషంలో ఉన్న భీముడు పెద్ద చెట్టువంక చూశాడు, దాన్ని పీకి కీచకుణ్ణి చావగొట్టడానికి. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, వంటచెరకు కావాలంటే బయటికి వెళ్ళి చూసుకోవయ్యా అని హెచ్చరించాడు. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి, కాబట్టి ఆయన లెక్క ఆయనకుంది. ద్రౌపదికి ఆ లెక్క నచ్చలేదు. ఆ రాత్రి నేరుగా వంటశాలకు వెళ్ళి భీముణ్ణి నిద్ర లేపింది. మర్నాటి రాత్రి నర్తనశాలలో కీచకుడి కథ ముగిసింది. పెద్దాయన అనుమతి ఎవరూ అడగలేదు. ఆయన కూడా తరువాత ఎందుకడగలేదని అనలేదు. ఈ ఘట్టానికి తిక్కన ఎంత ప్రాణం పోశాడో తెలియాలంటే, పెద్ద పిల్లలు తెలుగు విరాటపర్వాన్ని అమ్మానాన్నల సాయంతో అయినా చదవాలి.

నువ్వు అంటే చావుతో సమానం

యుద్ధానికి ముందు ధర్మరాజు తమ్ముళ్ళను అడిగే పద్ధతి చూడండి. సంధి కోసం కృష్ణుణ్ణి పంపేటప్పుడు ఎవరి మనసులోది వాళ్ళు చెప్పారు. ఎప్పుడూ గద ఊపే భీముడు ఆశ్చర్యంగా సంధి మేలన్నాడు, కృష్ణుడు అతన్ని ఆటపట్టించాడు కూడా. ఎప్పుడూ నోరు విప్పని సహదేవుడు వాళ్ళు సంధికి ఒప్పుకున్నా సరే యుద్ధమే తెమ్మన్నాడు. సేనాపతిగా ఎవరిని పెట్టాలన్నప్పుడూ అంతే. ముందు చిన్నవాడు సహదేవుడు విరాటుడి పేరు చెప్పాడు, నకులుడు ద్రుపదుడన్నాడు, అర్జునుడు ధృష్టద్యుమ్నుడన్నాడు, భీముడు శిఖండి అన్నాడు. చిన్నవాడి నుంచి మొదలుపెడితే ఒక లాభం ఉంది. పెద్దవాడు ముందు చెప్పేస్తే చిన్నవాడు తలూపడం తప్ప ఏం చెయ్యగలడు? చివరికి ధృష్టద్యుమ్నుడే సేనాపతి అయ్యాడు. అయిదుగురిలో ఒక్కడూ కాలేదు.

ఇక పదిహేడో రోజు యుద్ధం. తెలుగు నేర్చుకునే పిల్లలకు దీన్ని మించిన వ్యాకరణ పాఠం లేదు. కర్ణుడి బాణాలతో ఒళ్ళంతా తూట్లు పడి ధర్మరాజు శిబిరానికి వెళ్ళి పడుకున్నాడు. అన్న ఎలా ఉన్నాడో చూద్దామని అర్జునుడు, కృష్ణుడితో కలిసి యుద్ధం మధ్యలో వచ్చాడు. కర్ణుణ్ణి చంపి వచ్చాడేమో అనుకుని ధర్మరాజు ముందు సంబరపడ్డాడు. ఇంకా చంపలేదని తెలిసేసరికి నొప్పి, అవమానం, పదమూడేళ్ళ భయం కలిసి నోట్లోంచి వచ్చేశాయి. నీకు చేతకాకపోతే ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్ అన్నాడు. గాండీవం ఇంకొకరికి ఇమ్మన్నవాడి తల నరుకుతానని అర్జునుడికి ఒక రహస్య వ్రతం ఉంది. కత్తి దూశాడు.

మాట తప్పితే అబద్ధం, తప్పకపోతే అన్నను చంపిన పాపం. కృష్ణుడు దారి చూపించాడు. గౌరవించాల్సిన పెద్దవాణ్ణి అగౌరవపరిస్తే అది అతన్ని చంపడంతో సమానం. అన్నను ఎప్పుడూ 'భవాన్' అనే నువ్వు, ఒక్కసారి 'త్వమ్' అను, నీ వ్రతం తీరిపోతుంది అన్నాడు. 'భవాన్' అంటే తమరు, 'త్వమ్' అంటే నువ్వు. మన ఇళ్ళలో అన్నను 'నువ్వు' అనే పిలుస్తాం, అందులో ప్రేమే ఉంది, తప్పేమీ లేదు. అందుకే నేనూ ఈ కథల్లో పాండవుల మాటలు 'నువ్వు' తోనే రాశాను. కానీ ఒక సర్వనామం మార్చితే ప్రాణం తీసినంత పని అవుతుందని ఆ కథ నమ్మింది. ఇంగ్లీషు 'యూ'తో ఈ శిక్ష వెయ్యడం సాధ్యం కాదు. నువ్వు, మీరు, తమరు అని ఇన్నెందుకని విసుక్కునే పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి.

అర్జునుడు అన్నాడు. మొదలుపెట్టాక మనసులో ఉన్నదంతా అనేశాడు. యుద్ధం చేసే భీముడు నన్నంటే అననీ, క్రోసెడు దూరంలో కూర్చున్న నువ్వా నన్ననేది, జూదమాడింది నువ్వు, మేము పడ్డ కష్టాలన్నీ నీ వల్లే అన్నాడు. అని, అంతలోనే కుప్పకూలి, అన్నను ఇంత మాటన్నాక బతకకూడదని తన మీదికే కత్తి దూసుకున్నాడు. తనను తాను పొగుడుకోవడం ఆత్మహత్యతో సమానం కాబట్టి నిన్ను నువ్వు పొగుడుకో చాలు అని కృష్ణుడు మళ్ళీ అడ్డుపడ్డాడు. ధర్మరాజు లేచి నిలబడి, నువ్వన్నది నిజమే, నేను అడవికి పోతాను, భీముణ్ణి రాజుగా చేసుకోండి అన్నాడు. చివరికి తమ్ముడు అన్న కాళ్ళ మీద పడ్డాడు, అన్న లేవనెత్తి కౌగలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. ఆ రోజే కర్ణుడు పడిపోయాడు.

నిజానికి పెద్దవాడు ఎవరు?

కర్ణుడు పడిపోయాడని రాశాను గానీ, అక్కడే ఉంది అసలు చిక్కు. కుంతికి పెద్దకొడుకు ధర్మరాజు కాడు, కర్ణుడు. ఈ సంగతి యుద్ధానికి ముందే కృష్ణుడు కర్ణుడికి చెప్పాడు. ఇవతలికి వస్తే నువ్వే రాజువి, అయిదుగురూ నీ కాళ్ళు పట్టుకుంటారు, ధర్మరాజు నీకు వింజామర వీస్తాడు అన్నాడు. కర్ణుడు రాలేదు, పైగా ఈ విషయం ధర్మరాజుకు చెప్పవద్దన్నాడు. తెలిస్తే అతను రాజ్యం తీసుకోడు, నాకిచ్చేస్తాడు, నేను దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అన్నాడు. పెద్దరికం అంటే ఏమిటో ఆ ఇద్దరు అన్నదమ్ములకూ ఎంత బాగా తెలుసో చూడండి, ఒకరికి తెలియకుండా ఒకరికి!

యుద్ధం అయిపోయి, చనిపోయినవాళ్ళకు నీళ్ళు వదిలేటప్పుడు కుంతి నోరు విప్పింది. ధర్మరాజు కూలిపోయాడు. జూదం రోజున కర్ణుడు నోటికొచ్చినట్టు మాట్లాడుతుంటే కూడా, అతని పాదాలు చూడగానే తన కోపం చల్లారిపోయేదట. ఆ పాదాలు అమ్మ పాదాల్లా ఉండేవట. ఎందుకో ఆనాడు అర్థం కాలేదు. తమ్ముళ్ళందరూ ఎవరికి లోబడ్డారో ఆ పెద్దవాడు పెద్దవాడే కాదని ఇప్పుడు తేలింది. ఆయన రాజ్యం వద్దని, అడవికి పోతానని కూర్చున్నాడు.

పుట్టుకే పెద్దరికమైతే కథ అక్కడితో అయిపోవాలి. అలా కాలేదు. అర్జునుడు మొదలుపెట్టాడు, తరువాత భీముడు, నకులుడు, సహదేవుడు, ద్రౌపది, ఒకరి తరువాత ఒకరు వరసగా ఆయనతో వాదించారు. మెత్తగా ఏమీ మాట్లాడలేదు. నీ తమ్ముళ్ళకు పిచ్చి పట్టకపోయి ఉంటే నిన్ను కట్టిపడేసి రాజ్యం ఏలేవాళ్ళు అంది ద్రౌపది. రాజ్యం నువ్వు వద్దంటే మాకివ్వు అని మాత్రం ఎవరూ అనలేదు. పెద్దరికాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోవడానికి అన్ని అవకాశాలూ ఉన్న రోజున నలుగురూ కలిసి దాన్ని మళ్ళీ ఆయన నెత్తిన పెట్టారు. తప్పు ఒప్పుకున్న అన్నను, తిట్టించుకున్న అన్నను, నకులుణ్ణి అడిగిన అన్నను వాళ్ళు ఈసారి తెలిసి ఎంచుకున్నారు.

మన ప్రవాస కుటుంబాల్లో ఈ పాఠంలో ఒక సగమే చెబుతున్నామని నాకనిపిస్తుంది. అన్న మాట వినాలి అన్న సగం. రెండో సగం, అన్నను నిలదీయాలి, నిలదీస్తే అన్న విని తీరాలి అన్నది, పెద్దవాళ్ళమే మరిచిపోతాం. ఒక తమ్ముడు ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర, ఇంకొకరు హైదరాబాదులో, అన్నగారు ఇక్కడ. ఇంటి స్థలం అమ్మాలా, నాన్నగారికి ఆపరేషన్ ఎక్కడ చేయించాలి అన్నవి ఆదివారం రాత్రి ఫోన్లలో తేలిపోతాయి. డబ్బు పంపే చెయ్యి ఎవరిదైతే మాట వాళ్ళది అవుతుంది, రోజూ మందులు వేసే చేతిని అడిగేవాళ్ళు ఉండరు. ఈ వ్యాసం చదివే అన్నయ్యలూ అక్కయ్యలూ ఈసారి ఫోన్ చేసినప్పుడు ధర్మరాజు సేనాపతిని అడిగిన వరసలో, చిన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టి చూడండి.

పట్టాభిషేకం అయ్యాక ధర్మరాజు ఎవరి పనులు వాళ్ళకు పంచిపెట్టాడు. భీముడు యువరాజు. సేన లెక్కలు, జీతాల పని నకులుడిది. శత్రువుల మీదికి వెళ్ళే పని అర్జునుడిది. సహదేవుడికి మాత్రం ఎప్పుడూ తన పక్కనే ఉండి తనను కాపాడే పని ఇచ్చాడు. ఆనాడు నిప్పు తెమ్మని భీముడు పిలిచింది ఈ సహదేవుణ్ణే.

పిల్లలూ, ఇంటిపని ఇది. జూదం జరిగిన రాత్రి నలుగురు తమ్ముళ్ళు ఒకచోట కూర్చున్నారనుకోండి. భీముడు సహదేవుణ్ణి, "నేను నిప్పు తెమ్మంటే ఎందుకు కదల్లేదు? అర్జునుడు ఆపకపోతే తెచ్చేవాడివా?" అని అడిగాడు. సహదేవుడు ఏం చెప్పి ఉంటాడు? ఒక పేజీ సంభాషణ తెలుగులో రాసి తీసుకురండి. అన్నలను సహదేవుడు 'నువ్వు' అంటాడో 'మీరు' అంటాడో మీరే నిర్ణయించుకోండి, ఎందుకో కూడా ఒక వాక్యం రాయండి. ఇంట్లో మీకు అన్నయ్యో అక్కయ్యో ఉంటే భీముడి మాటలు వాళ్ళతో రాయించండి.